గోడవతల గునుగు

ఎండాకాలం ఎప్పుడు పోయిందో చెప్పడానికి వాతావరణ శాఖ ఉంది, టీవీల వాళ్లున్నారు, ఫోనులో నాలుగు రకాల యాప్‌లున్నాయి. మా ఇంట్లో మాత్రం ఆ అధికారం అండాలమ్మది. ఆమె మా ఇంటి ఓనరు. కర్మన్‌ఘాట్ నుంచి బడంగ్‌పేట్ పోయే దారిలో మూడంతస్తుల ఇల్లు. కింద ఆమె, మధ్యలో కొడుకు ధనరాజ్ కుటుంబం, పైన కిరాయికి నేనూ నా భార్య గ్రేసూ. తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. కిరాయి కాగితంలో రాయని షరతు ఒకటుంది. మృగశిర కార్తె వచ్చిన రోజున ఇంట్లోని కూలర్లన్నీ బంద్ కావాలి.

జూన్ రెండో వారంలో ఒక పొద్దున మెట్ల కింద నిలబడి కేకేస్తుంది.

"ఆనందూ! కార్తె మారింది. కూలర్ల నీళ్లు పారవొయ్యి."

"పెద్దమ్మా, బయట నలభై డిగ్రీలున్నది."

"ఉంటే ఉండనీ. కార్తె మారిందని ఎండకింక ఎరుక లేదు. రెండు రోజులల్ల దానికీ ఎరుకైతది."

ఆ రోజు గ్రేస్ చేపల పులుసు వండుతూ, చెమటలు కారుతుంటే కొంగుతో మొహం తుడుచుకుంటూ అంటుంది: "కిరాయిదార్లకు నోటీసిచ్చినట్టు ఎండకు గూడ నోటీసిస్తది ఈమె." కానీ గ్రేస్ కూడా కూలర్ వెయ్యదు. వేస్తే నీళ్ల చప్పుడు కిందికి వినబడుతుంది. అండాలమ్మకు మాటలు సరిగా వినబడవు గానీ కూలర్ పంపు చప్పుడు మాత్రం రెండంతస్తుల కింద నుంచి కూడా వినబడుతుంది.

నాకు కార్తెలు రావు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల షాపులో పనిచేస్తాను. నా ఋతువులు వేరు. ఎండాకాలంలో పిల్లలు మా షాపు ఏసీ కింద నిలబడి జనరల్ నాలెడ్జి పుస్తకాలు అట్ట నుంచి అట్ట దాకా చదివి, "రేపొచ్చి తీసుకుంటం అన్నా" అని వెళ్లిపోతారు. వానాకాలంలో గుమ్మంలో నిలబడి వాన తగ్గేదాకా కరెంట్ అఫైర్స్ తిరగేస్తారు. ఆ తర్వాత ఏసీ అక్కరలేని, గొడుగు అక్కరలేని రోజులు వస్తాయి. అప్పుడు షాపుకు నిజంగా పుస్తకం కొనేవాళ్లు మాత్రమే వస్తారు, అంటే రోజుకు ఇద్దరు. మెట్రో స్తంభాల కింద సీతాఫలాల బండ్లు చేరతాయి. ఏదో ఒక సాయంత్రం ఎల్బీ నగర్ స్టేషన్ మెట్లు దిగుతుంటే చొక్కా వీపుకు అంటుకోలేదని హఠాత్తుగా తెలుస్తుంది. పుస్తకాల్లో దీన్ని శరదృతువు అంటారు. ఆ సాయంత్రం నాకు కారణం లేకుండా సంతోషంగా ఉంటుంది. కొంచెం దిగులుగానూ ఉంటుంది, దానికీ కారణం దొరకదు.

అండాలమ్మకు మాత్రం అన్నిటికీ కారణం దొరుకుతుంది. ఆమెకు ఆ మార్పు గునుగు పువ్వులో కనబడుతుంది. మా ఇంటి పక్కన రెండు వందల గజాల ఖాళీ ప్లాటు ఉంది. కాగితాల మీద అది ఎవరో డాక్టరుగారిది. అండాలమ్మ లెక్కలో అది "మా చెలక". ఒకప్పుడు మా ఇల్లూ, ఆ ప్లాటూ, ఎదుటి వీధీ అన్నీ కలిపి వాళ్ల మూడెకరాల జొన్నచేను. ఇరవై రెండేళ్ల కింద వెంచర్ల వాళ్లు వచ్చినప్పుడు ఆమె భర్త జానయ్య అమ్మేశాడు. ఆ ఒక్క ప్లాటు మాత్రం ఎవరూ కట్టక అట్లాగే మిగిలింది. ఇప్పటికీ పొద్దున్నే "జర చెలకకాడికి పోయొస్త" అని చెప్పి బయల్దేరుతుంది. పోయేది ఎనిమిదడుగులు. వచ్చేసరికి గంట పడుతుంది.

వానలు పడ్డాక ఆ ప్లాటులో గునుగు మొలుస్తుంది. ఎవరూ విత్తరు. తెల్లగా, కొసన గులాబీ రంగుతో కంకుల్లా పూస్తుంది. బతుకమ్మకు అదే కావాలి. ప్రతి ఏడూ ఆ పువ్వు కోసి, రంగుల్లో ముంచి, కాలనీలో అందరికంటే ఎత్తైన బతుకమ్మను పేరుస్తుంది అండాలమ్మ. దీనిలో తమాషా ఏమిటంటే, పదేళ్ల వయసు నుంచి నలభై దాటేదాకా ఆమె చేసిన పని ఆ గునుగును పీకడమే. జొన్నచేనులో అది కలుపు. "గీ గునుగును తిట్టినన్ని తిట్లు నా అత్తను గూడ తిట్టలే" అని ఆమే చెబుతుంది. అత్త సంగతి తెలిసినవాళ్లకు అది చిన్న మాట కాదు.

ఇక పోయిన ఎండాకాలం సంగతి. మా వెనక వీధిలో విజయదుర్గగారని రిటైరైన లెక్కల టీచరు ఉంటారు. భీమవరం వైపు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయినా మాట మార్చుకోలేదు. ఆమె పెరటి గోడ ఇటు మా ఇంటికీ అటు ఆ ప్లాటుకూ ఉమ్మడి. గోడవతల శుభ్రంగా గచ్చు చేసిన పెరడు. మే నెలలో ఆమె ఆ గచ్చు మీద చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. అండాలమ్మ కూలరు సరిగ్గా అటువైపు కిటికీలోనే ఉంది. దాని పైపు ఊడి, గంటసేపు నీళ్లు గోడ మీదుగా చిమ్మి, మూడు గుమ్మడికాయల వడియాలూ తిరిగి పిండైపోయాయి.

"నీళ్లు కాస్త అటు మళ్లించుకోవచ్చు కదండీ" అన్నారు విజయదుర్గగారు గోడ మీదుగా.

"గింత ఎండల కూలర్ వెట్టుకోకుంటే సచ్చిపోతం టీచరమ్మా. వడియాలు మళ్ల పెట్టుకోవచ్చు" అంది అండాలమ్మ.

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఏ అవసరం వచ్చినా ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకునేవారు. "మీ ఓనరమ్మగారితో చెప్పండి" అని అటు నుంచి, "గా టీచరమ్మకు చెప్పు" అని ఇటు నుంచి. నేను ఇద్దరి మాటల్లోనూ కారం తగ్గించి, కొంచెం చక్కెర కలిపి అందించేవాణ్ణి. ఆ తపాలా పని నాకు విసుగెత్తిపోయింది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత నా తప్పు బయటపడ్డప్పుడు పనికొస్తుంది.

ఆగస్టులో ధనరాజ్ కబురు తెచ్చాడు. డాక్టరుగారు దసరా వెళ్లగానే ఆ ప్లాటులో ఇల్లు మొదలుపెడుతున్నారట. అండాలమ్మ అన్నం తింటోంది. చెయ్యి ఆపలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, నా ముందే కొడుకుతో అంది:

"సద్దుల బతుకమ్మ దాక ఒక్క గడ్డపార గూడ దింపద్దని చెప్పు. గా తర్వాత ఆయన ఇష్టం."

ఆమెకు అందులో ఏం పోతుందో ఆ సాయంత్రం ధనరాజ్ చెబితేనే నాకు తెలిసింది. భూమి అమ్మిన రోజు అండాలమ్మ వంట చెయ్యలేదట, ఎవరితోనూ మాట్లాడలేదట. జానయ్యకు బుజ్జగించడం చేతకాదు. గుమ్మంలో నిలబడి ఒకే మాట అన్నాడట: "భూమి అమ్మిన గని పువ్వు అమ్మలే. అది ఏడికి పోదు." అన్నట్టే ప్రతి ఏడూ తనే గోడ దూకి గునుగు కోసుకొచ్చి ఆమె ఒళ్లో పోసేవాడు. ఆరేళ్ల కింద పోయాడు. అప్పటి నుంచి ఆమే కోసుకుంటోంది. ఇది ఆఖరి ఏడాది. ఈసారి పండుగ ఆఖరి రోజు పేర్చే సద్దుల బతుకమ్మ కింది వరస నుంచి పై వరస దాకా చెలక గునుగే ఉండాలి, ఒక్క కాడ కూడా కొనేది లేదు అని అందరి ముందూ చెప్పేసింది.

వానలు బాగా పడ్డాయి. గునుగు గుప్పుమని లేచింది. కానీ దాంతోపాటు వయ్యారిభామ కలుపు కూడా లేచింది. అది గాలిలో ఉంటే చాలు, నాకు రోజుకు అరవై తుమ్ములు. సెప్టెంబరు నడుమ ఒకరోజు అండాలమ్మ చెలక చూసొచ్చి, "గా వయ్యారిభామ గునుగును మింగుతున్నది, పీకెయ్యాలె" అన్నప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చి భోంచేశాక పని మొదలైంది. చంపాపేట నుంచి మల్లమ్మ వచ్చింది. ఆమె అండాలమ్మతో కలిసి ముప్పయ్యేళ్లు కలుపు తీసిన మనిషి, ఇప్పుడు మార్కెట్లో కూరగాయలమ్ముతుంది. తన కొడవలి తనే ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకుంది. మూడో మనిషి గ్రేస్. కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే గ్రేస్ చీర కుచ్చిళ్లు దోపి, "నల్లగొండ పిల్లను, నాకు రాదా" అని దిగింది.

అండాలమ్మ హుకుం జారీ చేసింది. "వయ్యారిభామనే పీకాలె. గునుగు ముట్టద్దు. ముట్టినోళ్ల చేతులిరగ్గొడ్త."

మొదటి పావుగంట ముగ్గురూ మొక్క మొక్కనూ పట్టి చూసి పీకారు. తర్వాత మల్లమ్మ తన చిన్నకోడలి కథ ఎత్తుకుంది. ఆ కోడలు ఇంట్లో పప్పు ఉడుకుతుండగా ఫోనులో బిర్యానీ తెప్పించుకుంటుందట. ఆ కథలోకి గ్రేస్ తన ఆఫీసు మేడమ్‌ను తెచ్చింది. అండాలమ్మ తన పాత అత్తను తెచ్చింది. కథలు వేడెక్కిన కొద్దీ చేతులు చురుకయ్యాయి. బడంగ్‌పేట్ వైపు మొగులు పట్టింది. "వానొస్తది, జల్ది కానియ్యుండ్రి" అంది అండాలమ్మ. ముగ్గురూ సాలు పట్టినట్టు వరసగా జరుగుతూ, పీకింది పీకినట్టు చూడకుండానే భుజం మీదుగా వెనక్కి విసరసాగారు. చేనులో అయితే గట్టు మీద పడేది. ఇక్కడ గట్టు లేదు, టీచరమ్మ గోడ ఉంది. అన్నీ గోడవతల పడ్డాయి.

నేను ఆరేసిన బట్టలు తియ్యడానికి పైకెక్కి, కిందికి చూశాను. ఎర్రమట్టి గీత గీసినట్టు తేటగా కనబడింది. ఒక్క గడ్డిపోచ లేదు. నాకు మా నాన్న చేను గుర్తొచ్చి గుండె నిండిపోయింది. అందుకే నోరు జారాను.

"పెద్దమ్మా! చేను అద్దం లెక్కయింది!"

అండాలమ్మ కూర్చున్న చోటి నుంచే నవ్వింది. "మరెవరనుకున్నవ్ ర మమ్ముల!"

ఆ నవ్వు అర నిమిషం నిలిచింది. తర్వాత ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి వెనక్కి తిరిగింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"మల్లీ, గునుగేదే?"

మల్లమ్మ తన చేతిలోకి చూసుకుంది. మొగ్గ తొడిగిన గునుగు మొక్క ఒకటి వేళ్లతో సహా ఉంది. బడిలో బలపం దొంగిలించిన పిల్లలాగా చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"నేను పీకలే" అంది.

"నేనూ పీకలే" అంది గ్రేస్, కానీ అంతలోనే తన ఒళ్లో రాలిన మొగ్గలు చూసుకుని ఏడుపు గొంతుతో, "ఇరవై ఏండ్లయింది పెద్దమ్మా నేను కలుపు తీయక. చేతులకు ఇంక యాదున్నది" అంది.

అండాలమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఎందుకంటే అందరికంటే ఎక్కువ సాళ్లు పట్టింది ఆమే. ముప్పయ్యేళ్లు చేసిన పని, బుర్రను అడక్కుండా చేతులే చేసేశాయి. ఇంతలో వాన వచ్చింది. మల్లమ్మా గ్రేసూ పరుగెత్తారు. ఆమె మాత్రం నడిచే వచ్చి, తడి చీరతోనే గడప మీద కూర్చుంది.

సాయంత్రం నాకు ఫోన్. విజయదుర్గగారు. "ఆనంద్ కుమార్ గారూ, మా పెరట్లో బండెడు చెత్త పోశారు. మిద్దె తోట కోసం మొన్ననే నల్లమట్టి తోలించుకున్నానండీ, సరిగ్గా ఆ కుప్ప మీద పోశారు. రేపు తీయించమని మీ ఓనరమ్మగారితో చెప్పండి."

కిందికి తొంగి చూశాను. అండాలమ్మ ఇంకా గడప మీదే ఉంది. ఈ స్థితిలో ఈ మాట చెబితే ఊరుకోదు అనుకున్నాను. మింగేశాను. మళ్లీ రెండుసార్లు ఫోనొచ్చింది. "చెప్పారా?" "చెప్పానండీ." తర్వాత ఆమె ఫోన్ చెయ్యడం మానేశారు.

ఇంట్లో ఋతువులు తలకిందులయ్యాయి. హస్త కార్తె వచ్చింది, సాయంత్రాలు చల్లబడ్డాయి, దుకాణాల ముందు సీతాఫలాలు పండి వాసన కొడుతున్నాయి. అండాలమ్మ కూలర్ వేసుకుని పడుకుంది. పొద్దున్నే చెలకకాడికి పోవడం మానేసింది. "సద్దులకు నేను ఆడ. మీరు ఆడుకోండ్రి" అని కోడలికి చెప్పేసింది. ఆ కూలర్ పంపు చప్పుడు పై అంతస్తులో మాకు కూడా వినబడుతుంటే అన్నం సయించేది కాదు.

నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. నా ఆలోచనలు తెలివైనవని గ్రేస్ ఎప్పుడూ ఒప్పుకోదు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు గునుగు కట్టలు అమ్ముతుంటే రెండు కొన్నాను. తెల్లవారి ఎవరూ లేవకముందే ప్లాటులోకి దిగి, ఇరవై కాడలు అక్కడక్కడా మట్టిలో గుచ్చి వచ్చాను. ఎక్కువ గుచ్చితే అనుమానం వస్తుందని లెక్క కూడా వేశాను.

ఎనిమిదింటికి కేక. "ఆనందూ, ఇటు రా."

ప్లాటు మధ్యలో నిలబడి ఉంది. నన్ను చూస్తూనే ఒక కాడ పట్టి పైకి లాగింది. అది పెరుగులోంచి చెంచా తీసినట్టు వచ్చేసింది.

"ఏర్లు లేకుంట లేశినయా ఇవి?"

నేను ఒంగి పక్క కాడను సరిచెయ్యబోయాను.

"కాడకు కట్ట కట్టిన దారం మర్క గూడ ఉన్నది. నిన్న మొలిచి, కట్ట కట్టుకొని, మళ్ల ఇప్పుకొని నిలవడ్డయా?"

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ముసలోడు అబద్ధమాడిండు ఆనందూ. పువ్వు ఏడికి పోదన్నడు. నా చేతులతోనే పోయింది." ఆమె చేతిలోని కాడ నేనే తీసుకుని నిలబడ్డాను.

సద్దుల ముందు రోజు మధ్యాహ్నం నేను షాపులో ఉండగా మళ్లీ విజయదుర్గగారి ఫోన్.

"చెత్త తీయించరని నాకు అర్థమైపోయింది లెండి. కానీ ఒక ఇబ్బంది వచ్చింది. వయ్యారిభామ అంతా ఏరి పారేశాను గానీ, మిగిలింది చావలేదు. వాన పడి, మట్టిలో వేరు పట్టి, నడుం ఎత్తు పెరిగింది. పైగా పూసింది కూడానూ. తెల్లగా, కొసన గులాబీ రంగు. రేపు మట్టి మిద్దె పైకి ఎక్కించడానికి కూలీలొస్తున్నారు. పీకించడానికి నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారో ఆవిణ్ణి అడిగి చెప్పండి."

నాకు కడుపునొప్పి అని షాపు ఓనరుకు చెప్పాను. మెట్రోలో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. ఇంటికి చేరి కూలర్ స్విచ్ తీసేసి మొత్తం చెప్పేశాను, మింగేసిన మూడు ఫోన్లతో సహా.

అండాలమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "గోడవతల గచ్చు గద? గచ్చు మీద పడ్డది ఎండిపాయెగద?"

"గచ్చు మీద నల్లమట్టి పోయించుకున్నది పెద్దమ్మా. నాకెరుకే. నీకు చెప్పలే."

ఆమె నన్ను చూసిన చూపుకు నేను తొమ్మిదేళ్ల కిరాయిదారు హోదా నుంచి తొమ్మిదేళ్ల పిల్లవాడి హోదాకు దిగిపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి తిరిగి బయల్దేరింది. విజయదుర్గగారి గేటు దగ్గర మాత్రం ఆగింది. మే నెల తర్వాత ఆ గేటు ముట్టలేదు. లోపల నుంచి టీచరమ్మ చూశారు. వచ్చి గడియ తీశారు.

"లోపలికి రండి" అన్నారు విజయదుర్గగారు. "వడియాలేం పెట్టలేదు లెండి, భయం లేదు."

"కూలరు ఇంకో కిటికీకి మారుస్త టీచరమ్మా" అంది అండాలమ్మ. అంతకంటే పెద్ద క్షమాపణ ఆమె నోట ఎవరూ వినలేదు.

పెరట్లో నల్లమట్టి కుప్ప నిండా గునుగు. ప్లాటులో ఎప్పుడూ అంత ఏపుగా రాలేదు. ఒక్కో మొక్కకు ఏడెనిమిది కొమ్మలు, కొమ్మకో కంకి. అండాలమ్మ దగ్గరికి పోయి కొమ్మలు తిప్పి చూసింది.

"కొసలెవరు తుంచిన్రు?"

విజయదుర్గగారు కొంచెం తడబడ్డారు. "లేత ఆకు బాగుంటే... రెండుసార్లు పప్పులో వేశానండీ."

"అందుకే గిన్ని కొమ్మలేసింది! తినుడు మంచిదే అయ్యింది." కానీ ఇది చెలక గునుగేనా అన్న అనుమానం ఆమె మొహంలో పోలేదు. ఒంగి, కుప్ప అంచున ఒక మొక్క మొదట్లో మట్టిని వేలితో తొలిచింది. పైనంతా నల్లగా ఉంది. వేరు చుట్టూ మాత్రం పిడికెడు ఎర్రమట్టి, ప్లాటు నుంచి దాంతోపాటు వచ్చిన గడ్డ, కరగకుండా పట్టుకుని ఉంది.

దాన్ని చూసి అక్కడే చతికిలబడింది. "ముప్పై ఏండ్లు పీకిన దీన్ని. గట్టు మీద ఇసిరేస్తే వాన పడంగనే లేశి నిలవడేది. మళ్ల పీకుడు, మళ్ల లేసుడు. నువ్వు సావవే అని తిట్టుకుంట ఏడ్చేదాన్ని." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ముసలోడు అబద్ధమాడలే టీచరమ్మా."

జానయ్య ఎవరో, ఏమన్నాడో విజయదుర్గగారికి తెలియదు. అయినా పక్కనే గచ్చు మీద కూర్చున్నారు. మర్నాటి కూలీలకు రావద్దని అక్కడి నుంచే ఫోన్ చేశారు.

సద్దుల బతుకమ్మ ఆ ఏడు ప్లాటులోనే ఆడారు. కింది వరస నుంచి పై వరస దాకా గునుగే. కాలనీలో అదే ఎత్తని మల్లమ్మ జానలతో కొలిచి ప్రకటించింది. గ్రేస్ చప్పట్లు తాళంలో కొట్టింది. విజయదుర్గగారు ఎప్పుడూ ఒక చప్పట వెనకే ఉన్నారు, లెక్కల టీచరైనా ఆ లెక్క కుదరలేదు. రాత్రి ఇంటికొచ్చాక మెట్ల కింద నుంచి కేక వినబడింది.

"ఆనందూ! ఎండకాలం అయిపోయింది."

"అయిపోయింది పెద్దమ్మా" అన్నాను. నాలుగు నెలలు ఆలస్యంగానే అయినా, ఆ మాట వినడం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

దసరా వెళ్లిన ఐదో రోజు ప్లాటులోకి జేసీబీ వచ్చింది. అండాలమ్మ తలుపేసుకుంటుందేమో అనుకున్నాను. కుర్చీ వేయించుకుని మరీ బయట కూర్చుంది. బకెట్ మొదటిసారి మట్టిలో దిగినప్పుడు ఒక్కసారి కళ్లు మూసుకుంది, అంతే. ఇంతలో గోడవతల నుంచి విజయదుర్గగారి గొంతు వినబడింది.

"అండాలమ్మగారూ! మిగిలిన మొక్కల నుంచి గింజ రాలుతోంది. ఏం చేయమంటారు?"

అండాలమ్మ లేచి గోడ దగ్గరికి నడిచింది.

"ఏం చెయ్యకు టీచరమ్మా. నువ్వు చెయ్యి వెట్టకు. నన్ను అసలే వెట్టనియ్యకు."